పేజరు తిరిగి ఇచ్చేయమంటున్నారు మావారు

పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. పొడవు ఎక్కువని కుదించాను, గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. మాటలు మాత్రం ఆమెవే.

"ఫిలడెల్ఫియాకి గంట దూరంలో ఉంటాం. నాకు నలభై దాటాయి. ఇద్దరు పిల్లలు. మావారు ఐటీ. నేను హెచ్-4 (ఆయన మీద ఆధారపడ్డ భార్య వీసా) మీద ఉన్నాను, పని చేసుకునే అనుమతి, అదే ఈఏడీ, ఇంకా రాలేదు. నరసరావుపేటలో ఉన్నప్పుడు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేదాన్ని. ఇక్కడికొచ్చాక వంట, పిల్లలు, కారు, అంతే. మా టౌన్‌షిప్ ఫైర్ కంపెనీ (మంటలార్పే, అంబులెన్సు నడిపే సంస్థ) ముందు 'వాలంటీర్లు కావలెను' అని బోర్డు చూసి, ఒకరోజు ధైర్యం చేసి లోపలికి వెళ్లాను. వాళ్లే ఫీజు కట్టి ఈఎంటీ (అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసే సిబ్బంది) కోర్సు చేయించారు. రెండేళ్లు పనిచేస్తానని కాగితం మీద సంతకం పెట్టాను. ఏడాది దాటింది. వారానికో రాత్రి స్టేషన్లో డ్యూటీ. మిగతా రోజుల్లో వీలుంటే, కాల్ వచ్చిందని చెప్పే పేజరు మోగినప్పుడు వెళ్తాను. ఈ దేశంలో నన్ను ఫలానావారి భార్యగా, ఫలానా పిల్లల అమ్మగా కాకుండా నా పేరుతో పిలిచిన మొదటి చోటు అది.

రెండు నెలల క్రితం ఒక తెల్లవారుజామున కాల్ వచ్చింది. అడ్రసు వినగానే నాకు కాళ్లు ఆడలేదు. మా సబ్‌డివిజన్లోనే, మాకు బాగా తెలిసిన తెలుగువాళ్లిల్లు. ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. మావారితో కలిసి శనివారాలు క్రికెట్ ఆడేవారు. యాభై రెండేళ్లు. మేం వెళ్లేసరికే గుండె ఆగిపోయి ఉంది. సీపీఆర్ నేనూ, నా పార్ట్‌నరూ మార్చి మార్చి చేశాం. మాకంటే పైస్థాయి శిక్షణ ఉన్న పారామెడిక్స్ వచ్చి చేయాల్సినవన్నీ చేశారు. చివరికి ఫోన్లో డాక్టరుతో మాట్లాడి ఆపేశారు. వదిన నా చొక్కా పట్టుకుని 'ఆయనకేం కాదు కదమ్మా' అంటూనే ఉంది. 'చూస్తున్నారు వదినా' అంటూ వచ్చాను. అక్కడ తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ కబురు కూడా నేనే చెప్పాల్సొచ్చింది.

అప్పట్నుంచి మైక్రోవేవ్ కుయ్యిమన్నా ఉలిక్కిపడుతున్నాను. ఆ వీధి గుండా వెళ్లడం మానేసి చుట్టు తిరిగి వెళ్తున్నాను. గుళ్లో కనిపించినవాళ్లంతా 'అంబులెన్సు ఆలస్యంగా వచ్చిందట నిజమేనా, మీరే కదా వెళ్లింది' అని అడుగుతారు. మేం చెప్పకూడదు. వదిన ఒకరోజు ఫోన్ చేసి, 'మీరొచ్చేసరికి ఊపిరి ఉందా? ఆయనకి నొప్పి తెలిసిందా?' అనడిగింది. ఏం చెప్పాలో తెలియక స్టవ్ మీద ఏదో ఉందని పెట్టేశాను. మళ్లీ చేయలేదు.

మా అత్తయ్య తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చారు. శవాన్ని ముట్టుకుని వచ్చానని ఆ రోజు నుంచి నన్ను దేవుడి గదిలోకి రానివ్వడం లేదు. పరాయి మగవాళ్ల ఒంటిమీద చేతులేంటి, అర్ధరాత్రి రాకపోకలేంటి అంటారు. మావారు మొదట్లో ఊరుకునేవారు. ఇప్పుడు 'ఇదంతా తెల్లవాళ్ల సరదా, మనకెందుకు, పేజరు ఇచ్చెయ్' అంటున్నారు. ఓ రోజు కోపంలో 'నువ్వెళ్లి ఏం ఒరిగింది?' అన్నారు కూడా. ఇది చాలదన్నట్టు వచ్చే నెల నుంచి రాత్రి డ్యూటీకి కొంత స్టైపెండ్ ఇస్తామని కంపెనీ ఫారం పంపింది. అది తీసుకుంటే గ్రీన్ కార్డుకి ముప్పని మావారి భయం. మానేస్తే పారిపోయినట్టుంది. కొనసాగితే ఇల్లు చెదిరేలా ఉంది. ఏం చేయమంటారు?"

మీవారు నాలుగు చిక్కుల్ని ఒక్క పేజరుకి ముడేశారు, మీరూ సరేనన్నారు. అందుకే ఉంచుకోవాలా, ఇచ్చేయాలా అన్న ఒక్క ప్రశ్నే మిగిలినట్టు కనిపిస్తోంది. రేపు పొద్దున వెళ్లి దాన్ని చీఫ్ చేతిలో పెట్టి వచ్చారనుకుందాం. వారంలో మరో రాత్రి ఇంట్లో ఉంటారు, అది నిజమే. స్టైపెండ్ గొడవా పోతుంది. మరి మైక్రోవేవ్ మోగితే ఉలిక్కిపడటం పోతుందా? గుళ్లో అడిగేవాళ్లు అడగడం మానేస్తారా? వదిన మళ్లీ ఫోన్ చేస్తుందా? పోనీ మొండికేసి కొనసాగించారనుకుందాం. అప్పుడూ వీటిలో ఒక్కటీ తీరదు. కాబట్టి పేజరు సంగతి చివరికి చూద్దాం.

ముందు ఆ తెల్లవారుజాము. మీరు రాయకుండా వదిలేసిన మాటొకటి ఉత్తరమంతా వినిపిస్తోంది: నేను ఇంకేమైనా చేసి ఉంటే బతికేవారా? మీ కోర్సులో ఈ లెక్క చెప్పే ఉంటారు. అమెరికాలో ఆస్పత్రి బయట గుండె ఆగిపోయినవాళ్లలో ప్రాణంతో ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లేది ఇంచుమించు పదిమందికి ఒకరు. షాకిస్తే తిరిగి కొట్టుకునే స్థితిలో ఉన్న గుండెకైనా, సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ అవకాశం 7 నుంచి 10 శాతం జారిపోతుందంటారు. నిద్రలోనే గుండె ఆగితే పక్కనున్న మనిషికి తెలిసేసరికే ఎన్ని నిమిషాలు గడిచాయో ఎవరూ చెప్పలేరు. మీరు ఐదు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, చేతులు పడిపోయేదాకా నొక్కారు. పారామెడిక్స్ మందులిచ్చారు. ఆపమన్నది డాక్టరు. మీ చేతిలో ఉన్నదేదీ మీరు వదల్లేదు. (ఆ నిమిషాల లెక్క మాత్రం వదిన చెవిన పడనివ్వకండి. మీకు ఊరటనిచ్చే అంకే ఆమెను జన్మంతా పొడుస్తుంది.)

'చూస్తున్నారు వదినా' అన్నందుకు అబద్ధపు ఆశ పెట్టానని బాధపడుతున్నట్టున్నారు. చూస్తున్నారు అన్నది నిజం. ఏం కాదు అని మీరు అనలేదు. ఆ స్థితిలో ఆ రెంటికీ తేడా పట్టుకుని నిలబడటం చిన్న విషయం కాదు. అయితే ఆ రోజు మీమీద పడింది రెండు పనులు: ఈఎంటీ పని, దుబాసీ పని. రెండోది మీరు ఒప్పుకున్న పని కాదు, దానికెవరూ మిమ్మల్ని తయారు చేయలేదు. మోకాళ్లమీద కూర్చుని ఛాతీ నొక్కినామే లేచి, అదే మనిషి భార్యకి కబురు చెప్పడం చాలా ఎక్కువ. మీరు ఉండిపోయే పక్షంలో ఈ సంగతి మీ కంపెనీలో అత్యవసర వైద్య సేవలు (ఈఎంఎస్) చూసే ఆఫీసరుతో విప్పి మాట్లాడండి. ఫోన్లో దుబాసీలను కలిపే సేవలు ఉన్నాయి, వాటిని అంబులెన్సు మీద కూడా వాడుకోవచ్చు. తెలిసినవాళ్ల ఇంటికి కాల్ వస్తే, క్రూలో మరో ఈఎంటీ ఉన్నప్పుడు రోగిని ఆవిడకో ఆయనకో అప్పజెప్పి మీరు సామాను అందించే పనిలో ఉండొచ్చు. ఇద్దరే ఉన్న రాత్రి ఇది కుదరదు. అడిగి పెట్టుకుంటే కుదిరిన రోజైనా కుదురుతుంది.

ఇక ఉలిక్కిపాటు, చుట్టు తిరిగి వెళ్లడం. ఇలాంటి కాల్ తర్వాత కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, అదే కళ్లముందు కదలడం మామూలే, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే మాత్రం మానసిక వైద్యుల దగ్గరికో కౌన్సిలర్ దగ్గరికో వెళ్లాలన్నది ఈ రంగంలో పాత మాట. మీకు రెండు నెలలైంది. మీరు బలహీనురాలని దీనర్థం కాదు, వేళ దాటిందని అర్థం. కంపెనీలోనో కౌంటీలోనో పీర్ సపోర్ట్ బృందం ఉందేమో చీఫ్‌ని అడగండి. ఆ పని చేస్తున్నవాళ్లే వచ్చి మాట్లాడతారు. నేషనల్ వాలంటీర్ ఫైర్ కౌన్సిల్ దగ్గర ఈ సిబ్బంది బాధలు తెలిసిన కౌన్సిలర్ల జాబితా ఉంది. రాత్రివేళ మరీ భరించలేనట్టుంటే మనసు కష్టంలో ఉన్నవాళ్ల హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు. చావాలనిపించినవాళ్లే చేయాలని లేదు. మీకు తెలుగులో ఏడవగలిగే మనిషి కావాలనిపిస్తే, ఇండియాలో ఉన్న స్నేహితురాలికి పేరూ ఊరూ లేకుండా మీ బాధ చెప్పుకోండి. రోగి వివరాలు చెప్పకూడదు గానీ, మీ గుండె ఎలా ఉందో చెప్పుకోవద్దని ఏ చట్టమూ అనలేదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి గుడి సంగతి. రోగి వివరాలు బయటపెట్టరాదన్న హిపా చట్టం 1996 నాటిది. మనిషి పోయాక కూడా 50 ఏళ్లపాటు ఆ కాపుదల ఉంటుంది. కాబట్టి 'ఆలస్యమైందట కదా' అన్నవాళ్లకి అవుననీ, కాదనీ, చివరికి 'అలా ఏం కాదులెండి' అనీ అనకూడదు. మీ కంపెనీని సమర్థించాలని నోటిదాకా వస్తుంది, దాన్నీ మింగాలి. ఒక్క వివరం సరిదిద్దితే పక్క ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. 'మేం ఏ ఇంటి సంగతీ బయట మాట్లాడమండీ, రేపు మీ ఇంటికొచ్చినా అంతే' అని నవ్వుతూ ఒకసారి అనండి. రెండో సగం వినగానే సగం మంది నోరు మూసుకుంటారు. మిగతా సగాన్ని పనిలోకి లాగండి: వదిన వాళ్లింటికి ఈ వారం భోజనం ఎవరు పంపుతున్నారు, పిల్లాడిని క్లాసుకి ఎవరు దింపుతున్నారు? ఆరాలు తీసేవాళ్లు ఎవరింట్లో ఏముందో బాగా తెలిసినవాళ్లు. ఆ తెలివిని వాడుకోవడమే.

వదిన మాత్రం గుడిలో ఆడవాళ్లతో ఒకే వరసలో నిలబెట్టాల్సిన మనిషి కాదు. అక్కడే మీరు ఇరుక్కున్నారు. ఆమె ఆయన భార్య. ఆయన తరఫున వ్యవహారాలు చూసే చట్టబద్ధమైన హోదా ఉన్న మనిషికి ఆ రోజు రాసిన రిపోర్టు అడిగి తీసుకునే హక్కుంది. చికిత్సలో, సంరక్షణలో పాలుపంచుకున్న కుటుంబ సభ్యులతో కొంత మాట్లాడే వెసులుబాటు కూడా హిపాలో ఉంది. అయితే అది మీరొక్కరే నిర్ణయించుకుని ఫోన్లో చెప్పేయాల్సింది కాదు. మీ ఈఎంఎస్ చీఫ్ దగ్గరికెళ్లి, 'కుటుంబం ప్రశ్నలు అడుగుతోంది, ఎవరు మాట్లాడాలి, నేను ఎంతవరకు చెప్పొచ్చు' అని అడగండి. వాళ్లు పారామెడిక్‌ని పంపొచ్చు. ఆమె డాక్టరు దగ్గర కూర్చుని రిపోర్టు చూసుకునేలా ఏర్పాటు చేయొచ్చు. గుండె ఆగాక కొద్ది సెకన్లలోనే స్పృహ పోతుందని ఏ డాక్టరైనా ఆమెకి చెప్తారు. ఆమె అడిగిన రెండో ప్రశ్నకి ఆ జవాబు వైద్యుడి నోట వింటే ఆమెకీ మేలు, మీకూ మేలు.

అది అయ్యేదాకా ఆగకుండా మీరు ఆమె ఇంటికి వెళ్లండి, ఈఎంటీగా కాదు, ఎప్పుడూ వెళ్లే మనిషిగా. 'ఆ రోజు ఫోన్ పెట్టేసింది మిమ్మల్ని తప్పించుకోవడానికి కాదు వదినా. అవి చెప్పడానికి మాకో పద్ధతి ఉంది, కనుక్కుంటున్నాను' అనండి. ఇందులో ఏ రహస్యమూ బయటపడదు. ఆమె కోప్పడొచ్చు. తలుపు తీయకపోనూ వచ్చు, ఎందుకంటే ఆ కబురు విన్నది మీ నోటనే కాబట్టి మీ ముఖం చూడటం కొన్నాళ్లు ఆమెకే కష్టం కావచ్చు. అలాగైతే తీసుకెళ్లిన భోజనం డబ్బా గుమ్మం దగ్గర పెట్టి వచ్చేయండి, వారం తర్వాత మళ్లీ వెళ్లండి.

అత్తగారి విషయంలో చాలామంది నన్ను 'మూఢనమ్మకం' అని ఒక్క మాటలో కొట్టిపారేయమంటారు. నేనలా అనను, ఎందుకంటే ఆవిడ చెప్పేదీ మీ కోర్సులో చెప్పిందీ ఆచరణలో దాదాపు ఒక్కటే. కాల్ నుంచి వచ్చిన బట్టలు ఇంట్లోకి తేకూడదు, బూట్లు గుమ్మం దాటకూడదు, స్నానం చేసిగానీ పిల్లల్ని ముట్టుకోకూడదు. కారణాలు వేరు, చేసే పని అదే. యూనిఫామ్ స్టేషన్లోనే ఉతకడానికి వీలుంటే అక్కడే వదలండి. బూట్లు గరాజ్‌లో పెట్టండి. బేస్‌మెంట్లో స్నానాలగది ఉంటే నేరుగా అందులోకి. ఆవిడ కళ్లముందు ఇది నాలుగు వారాలు నిష్ఠగా జరిగితే దేవుడి గది తలుపు తెరుచుకునే అవకాశం ఎక్కువ. తెరుచుకోకపోతే, ఆవిడ వచ్చింది ఆరు నెలలకేనని గుర్తుపెట్టుకోండి. అత్తగారి మీద గెలవడానికి పేజరు ఉంచుకోవద్దు, ఆవిడకి భయపడి ఇచ్చేయనూ వద్దు.

పరాయి మగవాళ్లని ముట్టుకోవడం అన్నదానికి వాదన పెట్టుకోకండి. తెనాలిలో ఆవిడ 108 చూసే ఉంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై ఊరూరా తిరిగిన అంబులెన్సు అది. అందులో పనిచేసే అమ్మాయిని ఆవిడ ఎన్నడూ తప్పుపట్టి ఉండరు. కాకపోతే వాళ్లది జీతం పని. కోడలు జీతం లేకుండా, నిద్ర మానుకుని, ఊళ్లోవాళ్ల కోసం వెళ్లడమే ఆవిడకి మింగుడు పడనిది. ఇంకో సంగతి కూడా ఉందని నా అనుమానం. పోయినాయన వయసుకీ తన కొడుకు వయసుకీ పెద్ద తేడా లేదు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారేసరికి లేడని విన్న తల్లి ఆవిడ, పరాయి దేశంలో, ఎవరికి ఫోన్ చేయాలో తెలియని ఇంట్లో ఉంది. ఆవిడకి 911 చేయడం నేర్పండి: ముందు అడ్రసు, తర్వాత 'తెలుగు' అన్న ఒక్క మాట. చాలా కేంద్రాల్లో దుబాసీని లైన్లోకి తెస్తారు. మీవారిని గుండె పరీక్షలు చేయించుకోమని మీరు చెబితే వినరేమో, ఆవిడ చెబితే వింటారు. దక్షిణాసియావాళ్లకి గుండెజబ్బు మిగతావాళ్లకంటే చిన్న వయసులోనే వస్తోందన్నది డాక్టర్లందరూ ఒప్పుకున్న సంగతి. దీనిలో మీరిద్దరూ ఒకే పక్షం.

మీవారి మాటలకొద్దాం. 'నువ్వెళ్లి ఏం ఒరిగింది' అన్నమాట చాలా చెడ్డమాట. దాన్ని నేను తేలిక చేయను, మీరూ దిగమింగుకోవద్దు. ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో ఆయనకి తెలియాలి. అయితే మీరు ఉత్తరంలో ఒక చోట రాసి వదిలేశారు: శనివారాలు కలిసి క్రికెట్ ఆడేవారని. ఆయన స్నేహితుడు పోయాడు. ఆ ఇంట్లో ఏం జరిగిందో తన భార్యకి తెలుసు, ఆమె చెప్పదు. ఆయన దగ్గర ఆ దుఃఖానికి పెట్టుకునే పేరు లేదు, చేతికి దొరికింది పేజరు. మీరు దాని గురించి గొడవ పడ్డంతకాలం ఇద్దరూ అన్నయ్యగారి గురించి మాట్లాడుకోనక్కర్లేదు. ఒక శనివారం పిల్లల్ని ఎవరింటికైనా పంపి, అన్నయ్యగారి మాట ఎత్తండి. ఆ రాత్రి మాట కాదు, ఆయన బతికున్నప్పటి మాట. అందులో దాచాల్సిందేమీ లేదు.

రాత్రుళ్ల గురించి ఆయన అనేదాంట్లో న్యాయం ఉంది. సర్వరు పడిపోయిందని ఆయన రెండింటికి లేస్తే అది ఉద్యోగం, మీరు లేస్తే సరదానా అని మీకు అనిపిస్తుంది. అనిపించాలి కూడా. కానీ ఆ సర్వరే ఇంటి అప్పు కడుతోంది. ఇద్దరూ ఒకే రాత్రి లేవాల్సొస్తే పిల్లల దగ్గర ఎవరుంటారన్నది, అత్తగారు వెళ్లిపోయాక ఖాయంగా వచ్చే ప్రశ్న. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

'తెల్లవాళ్ల సరదా' అన్నదానికి మాత్రం ఆయనకి కొంచెం చరిత్ర చెప్పాలి. మీరున్న చోటుకి గంట దూరంలోనే, ఫిలడెల్ఫియాలో, 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఇరుగుపొరుగువారు కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నారు. ఎవరింటికి నిప్పంటుకున్నా తోలు బక్కెట్లతో పరిగెత్తడం వాళ్ల ఒప్పందం. మీవాళ్లని 'ఫైర్ కంపెనీ' అనడం ఆ సంప్రదాయం నుంచి వచ్చిందే. సరే, వాళ్లు తెల్లవాళ్లే. మరి ఇప్పుడు మీరు చేస్తున్న అంబులెన్సు వైద్యమో? అదే పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్ హిల్ డిస్ట్రిక్ట్‌లో 1967లో ఫ్రీడమ్ హౌస్ అని ఒక అంబులెన్సు సేవ మొదలైంది. అంతకుముందు ఆ పేటకి అంబులెన్సు అంటే పోలీసు వ్యాన్. పని దొరకని నల్లజాతి యువకులకి, సీపీఆర్‌కి రూపమిచ్చినవాళ్లలో ఒకరైన డాక్టర్ పీటర్ సాఫర్ శిక్షణ ఇప్పించారు. దేశంలో పారామెడిక్స్ అన్నవాళ్లకి దారి వేసిన తొలివాళ్లలో వాళ్లున్నారు. 1975లో నగరం దాన్ని మూసేసి తన సొంత సేవ పెట్టుకుంది. ఆ కథ చివర అంత న్యాయంగా లేదు గానీ, ఈ పని ఎవరిదన్న ప్రశ్నకి జవాబు అందులో ఉంది. ఇప్పుడు వాలంటీర్ల సంఖ్య తగ్గుతోంది. 1984లో దేశంలో వాలంటీరు ఫైర్‌ఫైటర్లు 8,97,000 మందికి పైగా ఉంటే, 2020లో 6,76,900. మీ టౌన్‌షిప్ ఫైర్ హౌస్ ముందు ఆ బోర్డు ఊరికే పెట్టలేదు.

ఇప్పుడు పేజరు. మీ ముందు నాకు కనిపిస్తున్న దారులివి.

మూడు నెలలో, ఆరు నెలలో సెలవు అడగడం ఒకటి. ఇలాంటి కంపెనీల్లో సాధారణంగా దానికి నిబంధన ఉంటుంది, మీ బైలాస్ (సంస్థ నియమావళి) చూడండి. సంతకం పెట్టిన రెండేళ్లు ఆ మేరకు వెనక్కి జరుగుతాయి. ఈఎంటీలకిచ్చే నేషనల్ రిజిస్ట్రీ ధ్రువపత్రం రెండేళ్లకోసారి, మార్చి 31 గడువుతో, 40 గంటల శిక్షణ చూపించి పొడిగించుకోవాలి. మీ గడువు ఎప్పుడో చూసుకుని, సెలవులో ఉన్నా ఆ క్లాసులకి వెళ్తూ ఉండండి. మీరు లేని రాత్రి అంబులెన్సు కదలక పక్క టౌన్‌షిప్ నుంచి రావాల్సిన పరిస్థితి ఏర్పడొచ్చు. ఈ మాట మీ చీఫ్ అనకపోయినా మీరే అనుకుంటారు. ఆ భారం ఊరందరిదీ, మీ ఒక్కరిదీ కాదు. నాకు ఈ దారి మీదే మొగ్గు, ఎందుకంటే నిద్రలేని మనిషి పెద్ద నిర్ణయాలు చేయకూడదని నా నమ్మకం. కానీ దీనికో ప్రమాదం ఉంది. కౌన్సిలర్ దగ్గరికి వెళ్లకుండా ఊరికే ఇంట్లో కూర్చుంటే సెలవు కాస్తా చప్పుడు లేకుండా మానేయడం అవుతుంది.

రాత్రి డ్యూటీ వదిలేసి పగటి షిఫ్టు ఒకటి ఖాయం చేసుకుని, ఇంటి దగ్గర పేజరు పూర్తిగా కట్టేయడం మరొకటి. మీవారి ఫిర్యాదులో సగం దీనితో పోతుంది. కానీ మీకు దక్కే పగలు శనివారమే అయితే, పిల్లల కూచిపూడి, కుమాన్, స్విమ్మింగ్ అన్నీ ఆయన మీద పడతాయి. అది ఆయనతో ముందే తేల్చుకోవాలి. పైగా రాత్రి స్టేషన్లో ఆ క్రూతో కబుర్లే మిమ్మల్ని ఇన్నాళ్లు నిలబెట్టాయేమో, అది పోతుంది.

అంబులెన్సు ఎక్కకుండా సభ్యురాలిగా ఉండటం కూడా ఉంది. ఇలాంటి కంపెనీల్లో లెక్కలు చూసేవాళ్లు, విరాళాలు సేకరించేవాళ్లు, సీపీఆర్ నేర్పేవాళ్లు కూడా కావాలి. సీపీఆర్ నేర్పే అర్హత సంపాదించి మీ చుట్టుపక్కల తెలుగువాళ్లకి, ముఖ్యంగా వచ్చిపోయే అమ్మానాన్నలకి, తెలుగులో చెప్తే అది మీరొక్కరే చేయగల పని. ఎవరింట్లో ఏం జరిగిందన్న ఉదాహరణ మాత్రం ఎన్నడూ నోట రానివ్వకండి, ఎంత పేరు మార్చినా మీ కాలనీలో అది ఎవరో అందరికీ తెలుస్తుంది. ఇందులో ఇబ్బందల్లా, మీకు కావాల్సింది రోగి పక్కన ఉండటమే అయితే తెల్లబోర్డు ముందు నిలబడటం ఆ ఆకలి తీర్చదు.

పూర్తిగా మానేయడం కూడా తప్పుదారి కాదు. ఏడాదికి పైగా మీ ఊరికి మీరు పెట్టింది పెట్టారు. ఫీజు కొంత తిరిగి కట్టాల్సి రావచ్చు, ఆ కాగితం మరోసారి చదవండి. దాన్ని మాఫీ చేయమని చీఫ్‌ని అడగడానికి సిగ్గుపడకండి, ఇలాంటి కాల్ తర్వాత వెళ్లిపోయినవాళ్లని ఆయన ఇంతకుముందూ చూసే ఉంటారు. నా షరతు ఒక్కటే: మానేసేది మీరై ఉండాలి. అత్తగారి మాటకో, ఆయన కోపానికో తలొగ్గి ఇస్తే ఆ ఫిర్యాదు ఇంట్లో ఏళ్లపాటు తిరుగుతుంది.

ఏది ఎంచుకున్నా వెంటనే చేయాల్సిన పని ఒకటుంది, గడువున్నది అదొక్కటే. స్టైపెండ్ విషయంలో మీవారి భయం నూటికి నూరుపాళ్లు సరైనది. పని చేసే అనుమతి లేని హెచ్-4 మనిషి చేతికి షిఫ్టుకింత అని డబ్బు రావడం ప్రమాదం, దానికి స్టైపెండ్ అని పేరు పెట్టినా, గిఫ్ట్ కార్డుగా ఇచ్చినా. వాలంటీర్లకి నామమాత్రపు చెల్లింపును కార్మిక చట్టం ఒప్పుకుంటుంది కదా అని కంపెనీవాళ్లు మంచి మనసుతోనే అంటారు. ఇమ్మిగ్రేషన్ వాళ్లు అదే కళ్లతో చూడాలని లేదు. డబ్బు వద్దంటే సరిపోతుందా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది: మీరు ఉచితంగా చేసే పనినే అదే అంబులెన్సులో మరొకరు జీతానికి చేస్తున్నారా? పగలు జీతగాళ్లు, రాత్రి వాలంటీర్లు ఉండే కంపెనీలు మీ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. లాయరుని అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. గంటకి ఫీజు తీసుకునే ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరికి మీరిద్దరూ కలిసి వెళ్లండి. కంపెనీ పంపిన ఫారం, కోర్సు ఫీజు ఒప్పందం, సభ్యత్వ పత్రం, ఇప్పటిదాకా ఏమైనా చేతికొచ్చి ఉంటే వాటి లెక్క తీసుకెళ్లండి. ఆయన చెప్పింది కాగితం మీద తీసుకోండి. అప్పటిదాకా ఆ ఫారం మీద సంతకం పెట్టకండి, తర్వాతి షిఫ్టుకీ వెళ్లకండి. చీఫ్‌కి ఇవాళే ఈమెయిల్ రాసి, వీసా కారణంగా లాయరు సలహా వచ్చేవరకు డ్యూటీ పట్టిక నుంచి నా పేరు తీసేయండి అని చెప్పండి.